తెల్లన్నం - ఒక వైద్యుడు, ఒక కథకుడు

జపాను రచయిత మోరి ఓగై కథలు ఆంగ్లానువాదాలలో దొరికినంతవరకు చదువుకొన్నాను. తెలుగు పండితుడికి జపాను కథలతో ఏమి పని అని మా ఇంట్లోనే అడిగినవారున్నారు. ఉద్యోగ విరమణ చేసినవాడికి ఏ పనైనా పనే కదా! వాటిలో ‘తకసెబునె’ అనే కథ నన్ను చాలాకాలం వదలలేదు. క్యోటో నగరపు కాలువ మీద, ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీని పడవలో తీసుకొని పోతుంటారు. రోగపీడ భరించలేక తమ్ముడు గొంతు కోసుకొని, కత్తి దిగబడి, ప్రాణం పోక విలవిలలాడుతూ ఆ కత్తిని లాగివేయమని అన్నను వేడుకొంటాడు. అన్న లాగివేస్తాడు. అదే అతని నేరం. కావలివాడు ఆ కథ అంతా విని, ఇది హత్య అవునా కాదా అని తేల్చుకోలేక ఊరకుండిపోతాడు. 1916లో వ్రాసిన కథ ఇది. ఒక్క ప్రాణం గురించి ఇంతగా తర్కించుకొన్న మనిషి ఎవరా అని ఆయన జీవితం వెదకబోతే, నేను ఎదురుచూడని చోటికి చేరుకొన్నాను.

మోరి ఓగై అసలు పేరు మోరి రింతారో. 1862లో పుట్టాడు. వృత్తిరీత్యా వైద్యుడు, అందులోనూ సైనిక వైద్యుడు. 1907 నుండి 1916 వరకు జపాను పదాతి సైన్యపు వైద్య విభాగానికి అధిపతి. ఆయన చరిత్రలో విడదీయరాకుండా అల్లుకొనిపోయిన వ్యాధి ఒకటి ఉన్నది. జపాను వారు దానిని ‘కక్కె’ అంటారు. మనం బెరిబెరి అంటాము. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. పాదాలు వాస్తాయి, నొక్కితే గుంట పడుతుంది. నడక తడబడుతుంది. చివరకు ఆయాసం ముదిరి గుండె ఆగిపోతుంది. పడుచువారు, దృఢకాయులు, నిన్నటివరకు కవాతు చేసినవారు దీనికి బలి అయ్యేవారు.

ఎదో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకు, పల్లెల నుండి వెళ్ళినవారికి ఈ జబ్బు వచ్చేదట. ఊరికి తిరిగివస్తే తగ్గిపోయేదట. అందుచేత దానికి ‘ఎదో జబ్బు’ అనే పేరు కూడా ఉండేది. పల్లెలో ముడి బియ్యం, యవలు, చిరుధాన్యాలు కలిపి తినేవాడు పట్నంలో పాలవలె తెల్లగా దంచిన బియ్యం తినేవాడు. తెల్లన్నం నాగరికతకు గుర్తు. చక్రవర్తి కుటుంబం కూడా దీని బారి నుండి తప్పించుకోలేదు. మేజీ చక్రవర్తికి మేనత్త వరుస అయిన రాకుమారి కజునోమియా 1877లో ఈ వ్యాధితోనే మరణించింది. చక్రవర్తి కూడా దీనితో బాధపడ్డాడు.

ఈ తెల్లన్నపు ముచ్చట మనకు మాత్రం పరాయిదా? మాది నెల్లూరు ప్రాంతం. మొలగొలుకుల బియ్యం పేరు చెబితే ఇప్పటికీ మా వాళ్ళకు నోరూరుతుంది. నా చిన్నతనంలో మా నాయనమ్మ దంపుడు బియ్యం వండితే, పట్నం నుండి వచ్చిన చుట్టాలు మొహం చిట్లించేవారు. అన్నం మల్లెపూవులా ఉండాలి. బియ్యం మూడుసార్లు కడగాలి, గంజి వార్చాలి. ఆ కడుగు నీళ్ళు, గంజి, మరలో తీసిన తవుడు, చిట్టు అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి. మా బర్రె నిగనిగలాడుతూ ఉండేది! దక్షిణ భారతంలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడినది మన ఉత్తర సర్కారు జిల్లాలలోనే. కూనూరులో పరిశోధనలు సాగించిన రాబర్ట్ మెకారిసన్ 1920లలో దీనిని గురించి విపులంగా వ్రాశాడు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబోసి దంచే ఉప్పుడు బియ్యం తినేవారిలో ఆ వ్యాధి అరుదు. ఉడికించినప్పుడు తవుడులోని సారం గింజలోకి దిగుతుంది. పచ్చి వడ్లను మరపట్టి తెల్లగా పాలిష్ చేసిన బియ్యం తినేవారికే ముప్పు. ఈ కారణం 1870లలో ఎవరికీ తెలియదు.

జపాను ప్రభుత్వం 1878లో టోక్యోలో ఈ ఒక్క వ్యాధి కోసమే ఒక ఆసుపత్రి తెరిచింది. అందులో చిత్రమైన ఏర్పాటు ఒకటి చేశారు. కొందరు రోగులను సంప్రదాయ వైద్యులకు, కొందరిని పాశ్చాత్య పద్ధతి నేర్చిన వైద్యులకు అప్పగించారు. ఎవరి చేతిలో ఎందరు బాగుపడతారో చూడాలని ఉద్దేశం. జనం దీనిని ‘కక్కె సుమో’ అని, అంటే బెరిబెరి కుస్తీ అని, వేళాకోళం చేశారు. సంప్రదాయ పక్షంలో తోదా చోఆన్ అనే వైద్యుడుండేవాడు. ఆయన జబ్బుకు మూలం బియ్యంలోనే ఉన్నదని చెప్పి, రోగుల చేత అన్నం మాన్పించి యవలు, ఎర్ర అలసందల వంటి అజుకి గింజలు తినిపించేవాడు. కుస్తీలో ఎవరూ నిర్ద్వంద్వంగా గెలవలేదు. ఆసుపత్రి 1882లో మూతపడింది. కొత్త చదువులు చదివినవారికి పాతకాలపు వైద్యుని మాట రుచించలేదు కాబోలు, ఆ యవలూ అజుకి గింజలూ కూడా ఆసుపత్రితోపాటు మరుగున పడ్డాయి.

ఇక్కడ తకాకి కనెహిరో వస్తాడు. 1849లో క్యూషూ ద్వీపంలోని హ్యూగా ప్రాంతంలో, ఇప్పటి మియాజాకిలో, పుట్టాడు. నౌకాదళ వైద్యుడు. 1875లో లండను వెళ్ళి సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో ఐదేళ్ళు చదివాడు. అక్కడ బెరిబెరి లేదు. తిరిగివచ్చి చూస్తే నౌకాదళంలో నూటికి ముప్పైమందికి పైగా ఏదో ఒక సమయంలో దీనితో మంచం పడుతున్నారు. ఆయన సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోలేదు. నావికులు ఎక్కడ పడుకొంటున్నారు, ఏమి తొడుగుకొంటున్నారు, ఏమి తింటున్నారు అని ఒక్కొక్కటే విచారించాడు. బట్టలలో తేడా లేదు, పడకలలో తేడా లేదు. తిండిలో ఉన్నది. అధికారులకు జబ్బు తక్కువ, సామాన్య నావికులకు ఎక్కువ. విదేశపు రేవులో దిగి అక్కడి తిండి తిన్నన్నాళ్ళు జబ్బు లేదు. ఓడ ఎక్కి అన్నం మొదలుపెట్టగానే ఉన్నది. దీని వెనుక ఒక దయనీయమైన సంగతి కూడా ఉన్నది. సర్కారు నావికులకు బియ్యం ఉచితంగా ఇచ్చి, కూరలకూ ఆదరువులకూ డబ్బు చేతికి ఇచ్చేది. పేదింటి పిల్లలు ఆ డబ్బు మిగుల్చుకొని ఇంటికి పంపేవారు. తాము ఉత్త తెల్లన్నంతో కడుపు నింపుకొనేవారు.

1882 చివర ‘ర్యూజో’ అనే శిక్షణ నౌక న్యూజిలాండు, దక్షిణ అమెరికా తీరం, హవాయి చుట్టి రావడానికి బయలుదేరింది. ఉన్నవారు 376 మంది. బెరిబెరి పట్టినవారు 169 మంది. చనిపోయినవారు 25 మంది. నడిసముద్రంలో తెరచాపలు ఎత్తేవారు, బొగ్గు వేసేవారు లేని స్థితి వచ్చినది. హొనలూలూ చేరి తిండి మార్చిన తరువాత గాని మిగిలినవారు కోలుకోలేదు.

తకాకి ఏమి చేశాడంటే, అదే దారిలో మరొక నౌకను పంపమని పట్టుబట్టాడు. మంత్రులను కలిశాడు, 1883లో చక్రవర్తి దర్శనం చేసుకొని కూడా విన్నవించాడు. 1884 ఫిబ్రవరిలో ‘త్సుకుబ’ నౌక బయలుదేరింది. ఉన్నవారు 333 మంది. ఈసారి ఓడలో మాంసం, రొట్టె, గట్టిపాలు ఉన్నాయి, అన్నం తగ్గించారు. తొమ్మిది నెలలకు పైగా సాగిన యాత్ర. ఆ తొమ్మిది నెలలు ఆయనకు ఎలా గడిచినవో మనం ఊహించుకోవలసినదే. జబ్బు పడినవారు 14 మంది. మృతులు లేరు. ఆ 14 మందిని కూడా ఆయన వదలలేదు. ఎవరెవరు ఏమి తిన్నారని విచారిస్తే, వారిలో చాలామంది మాంసమో గట్టిపాలో సహించక తినకుండా వదిలివేసినవారే అని తేలింది.

నావికులకు రొట్టె రుచించలేదు. కొందరు సముద్రంలోకి విసిరివేశారట! అందుకని 1885లో బియ్యంలో యవలు కలిపి వండించాడు. 1883లో నౌకాదళంలో నూటికి 23 మందికి ఉన్న జబ్బు 1885 వచ్చేసరికి నూటికి ఒకరికన్నా తగ్గింది. తరువాతి రెండేళ్ళలో దాదాపు కనుమరుగయింది. 1905లో ఆయనకు బారన్ బిరుదమిచ్చారు. జనం ఆప్యాయంగా ‘యవల బారన్’ అన్నారు.

విచిత్రమేమిటంటే, తకాకి చెప్పిన కారణం తప్పు. ఆహారంలో మాంసకృత్తులు తక్కువై, పిండిపదార్థం ఎక్కువై జబ్బు వస్తున్నదని ఆయన నమ్మాడు. నత్రజనికీ కర్బనానికీ నిష్పత్తి లెక్కలు కట్టాడు. అసలు కారణం తవుడులో పోతున్న ఒక సూక్ష్మపదార్థం. జావాలో ఐక్మన్ 1890లలో కోళ్ళకు తెల్లన్నం పెట్టి జబ్బు తెప్పించి, ముడి బియ్యం పెట్టి నయం చేశాడు. 1910లో జపానులోనే సుజుకి ఉమెతారో తవుడు నుండి ఆ సారాన్ని తీసి ‘ఓరిజానిన్’ అని పేరు పెట్టాడు. ఆయన వ్యవసాయ రసాయనజ్ఞుడు కావడంచేత వైద్యులు చాలాకాలం ఆయన మాట పట్టించుకోలేదు. ఆ పదార్థపు నిర్మాణాన్ని తేల్చి, 1936 నాటికి కృత్రిమంగా తయారుచేసినవాడు రాబర్ట్ విలియమ్స్. దానినే థయమిన్ లేదా బి1 విటమిను అంటున్నాము. ఈ విలియమ్స్ ఎక్కడ పుట్టాడనుకొన్నారు? మా నెల్లూరులోనే! 1886లో, అమెరికను బాప్టిస్టు మిషను దంపతులకు. ఈ సంగతి తెలిసిన రోజున నేను మా ఇంట్లో అందరినీ పిలిచి మరీ చెప్పాను. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఇక పదాతి సైన్యం సంగతి. అక్కడి పెద్దవైద్యులు తకాకి మాటను నమ్మలేదు. వారు జర్మనీ చదువుల వారు. ఆ కాలంలో ప్రతి వ్యాధికీ ఒక క్రిమి బయటపడుతున్నది. 1885లో ఒగతా మసనోరి బెరిబెరి క్రిమిని కనుగొన్నానని ప్రకటించాడు కూడా. మోరి 1884 నుండి 1888 వరకు జర్మనీలో చదివినవాడు. హోఫ్మన్, పెటెన్‌కోఫర్, కోహ్ వంటి ఉద్దండుల వద్ద శిష్యరికం చేసినవాడు. ఆయన అడిగిన ప్రశ్న అసంగతమైనది కాదు. ముందు యవలు లేవు, జబ్బు ఉన్నది. తరువాత యవలు వచ్చినవి, జబ్బు పోయినది. అంతమాత్రాన యవల వల్లనే పోయినదని ఎలా చెప్పగలరు? జబ్బు తనంతట తాను తగ్గుముఖం పట్టి ఉండవచ్చును కదా? ఒకే నౌకలో సగం మందికి ఇది, సగం మందికి అది పెట్టి చూశారా? తర్కంగా చూస్తే కాదనలేము. ఇప్పటి వైద్య పరిశోధకులు కూడా ఇదే అడుగుతారు. కాని అడిగినవాడు తానే ఆ పరీక్ష చేసి చూడాలి కదా. మోరి 1889లో సైనికుల ఆహారంపై ఒక పరీక్ష చేశాడు. కొద్దిమంది సైనికులకు కొద్ది రోజులు తెల్లన్నం, యవలన్నం, పాశ్చాత్య భోజనం విడివిడిగా పెట్టి, ఒంటికి పట్టిన శక్తి, మాంసకృత్తులు కొలిచాడు. తెల్లన్నమే శ్రేష్ఠమని తేలింది. ఆ కొలతలు సరిఅయినవే కావచ్చును. బెరిబెరి ఎవరికి వచ్చిందన్నది మాత్రం అందులో కొలవనే లేదు.

సాక్ష్యం సైన్యంలోనే ఉన్నది. ఒసాకా దండులో వైద్యుడు హోరియుచి, చెరసాలల్లో ఖరీదు తక్కువని ఖైదీలకు యవలు కలిపిన అన్నం పెట్టడం మొదలైన తరువాత అక్కడ బెరిబెరి పోయినదని గమనించాడు. తన సైనికులకూ అదే పెట్టించాడు. తగ్గింది. ఇతర దండులు కూడా చూసి అనుసరించాయి. కాని యుద్ధం వచ్చినప్పుడు పైనుండి వచ్చిన నియమం తెల్లన్నమే. 1894-95 చైనా యుద్ధంలో ఆయుధాల వల్ల చనిపోయిన జపాను సైనికులు రమారమి వేయిమంది అయితే, బెరిబెరితో చనిపోయినవారు నాలుగు వేలు. 1904-05 రష్యా యుద్ధంలో సుమారు రెండున్నర లక్షల మందికి జబ్బు సోకింది. రమారమి 27,000 మంది చనిపోయారు. అదే యుద్ధంలో నౌకాదళంలో జబ్బుపడినవారు నూరు మందికి అటూ ఇటూ. రెండు సైన్యాలు, ఒకే దేశం, ఒకే యుద్ధం. మోరి అడిగిన ఆ సరిపోల్చే పరీక్ష చివరకు ఆ విధంగా జరిగింది. 1905 మార్చిలో, తానూ ఈ జబ్బు అనుభవించిన యుద్ధమంత్రి తెరౌచి ఆజ్ఞ ఇస్తే గాని పదాతి సైన్యానికి యవలు అందలేదు.

ఈ తప్పు మోరి ఒక్కడిదే అనడం న్యాయం కాదు. ఆయనకు పైన ఇషిగురో వంటి పెద్దలున్నారు. నిర్ణయాలు చాలామంది కలిసి చేసినవి. 1908లో బెరిబెరి విచారణకు ఏర్పడిన సంఘానికి ఆయనే తొలి అధ్యక్షుడు. ఆ సంఘమే మెల్లమెల్లగా, ఆయన పోయిన తరువాత, విటమిను లోపమని ఒప్పుకొన్నది. ఆయన 1922లో మరణించాడు. సమాధిపై బిరుదులు, పదవులు ఏవీ చెక్కవద్దని, తన పుట్టుపేరు మాత్రమే ఉండాలని మరణశాసనం వ్రాయించాడు. టోక్యో దగ్గర మితాకలో ఆ సమాధి ఉన్నది. ‘మోరి రింతారో సమాధి’ అని మాత్రమే ఉంటుంది. కళింగ యుద్ధం తరువాతి అశోకుని పశ్చాత్తాపాన్ని అందులో వెదకాలని నాకు చాలా కోరికగా ఉండేది. అలా అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

మోరిని గురించి ఇంత వెదకడానికి నా సొంత కారణం ఒకటి ఉన్నది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2003లో నేను ఒక ఉన్నత పాఠశాలలో సీనియరు తెలుగు పండితుడిని. ఆ ఏడు ఒక యువతి కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆరవ తరగతిలో 41 మంది పిల్లలు. వారిలో ముప్పాతికమందికి కూడబలుక్కొని చదవడం కూడా రాదు. ఆమె గుణింతాలు పక్కన పెట్టింది. బస్సు మీది ఊళ్ళ పేర్లు, సినిమా గోడపత్రికలు, రేషను కార్డులు, పిల్లల పేర్లు, వాళ్ళ అమ్మల పేర్లు బోర్డు మీద వ్రాసి మాట మొత్తంగా చదివించేది. నేను అడిగితే, “పిల్లలకు మాట బొమ్మలాగా కనబడుతుంది మాస్టారూ, అక్షరాలు తరువాత వాటంతట అవే విడివడతాయి” అన్నది.

నాకు నవ్వు వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. తెలుగు లిపి చీనా లిపి కాదు. ప్రతి ధ్వనికీ గుర్తున్న లిపి. హల్లుకు అచ్చు చేరితే గుణింతం, హల్లుకు హల్లు చేరితే ఒత్తు. ఈ శాస్త్రం తెలియకుండా చదువు చెప్పడం ఏమిటి? ఆమె చెప్పిన కారణం తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను. నేను ప్రధానోపాధ్యాయుల వారికి ఆ మాటే చెప్పాను. నా మాటకు విలువ ఉండేది. నవంబరులో ఆ తరగతి నాకు ఇచ్చారు. ఆమె ఒక్క మాట అనలేదు.

నేను మార్చి వరకు గుణింతాలు వల్లె వేయించాను. ఎందరికి చదవడం వచ్చినది? తెలియదు. నేను లెక్క పెట్టలేదు. మార్కుల పట్టీలో అందరూ పై తరగతికి పోయినవారే.

పోయిన వేసవిలో ఒక పెళ్ళిలో ఆమె కనిపించింది. తనే వచ్చి, “బాగున్నారా మాస్టారూ?” అని పలకరించింది. తకాకి నౌకలను గురించి చదివినది మొదలు నా మనసులో నలుగుతున్నది అడిగేశాను. “అమ్మా, అప్పట్లో నీవు ఏదో పుస్తకంలో వ్రాసుకొనేదానివి కదా?” ఆమె ప్రతి నెలాఖరున పిల్లలు ఎన్నడూ చూడని నాలుగు వాక్యాలు ఇచ్చి ఒక్కొక్కరి చేత చదివించేది. పేరు పక్కన గుర్తు పెట్టేది. ఆ పుస్తకం ఇంకా ఉన్నదట. వారం తరువాత వాళ్ళబ్బాయి చేత పంపించింది.

రెండు వందల పేజీల పుస్తకం. అట్ట చినిగిపోయింది. జూలైలో చదవగలిగినవారు 6. ఆగస్టులో 11. సెప్టెంబరులో 17. అక్టోబరులో 22. చదవలేనివారి పేర్ల పక్కన కారణాలు కూడా వ్రాసింది: బడికి రాలేదు, చూపు సరిగా లేదు, ఇంట్లో తెలుగు మాట్లాడరు. నాకు త్సుకుబ నౌకలోని ఆ 14 మంది గుర్తుకువచ్చారు. ఈమె ఎన్నడూ తకాకి పేరు విని ఉండదు.

నవంబరు అని పైన వ్రాసి, 41 పేర్లు వరుసగా వ్రాసుకొని, గుర్తులు పెట్టలేదు.

ఆ పేర్లలో కొన్ని నాకు జ్ఞాపకమున్నాయి. ఒకడు మా వీధి చివర సైకిలు షాపు పెట్టుకొన్నాడు. మొన్న కరెంటు బిల్లు నా చేతికిచ్చి ఎంత ఉన్నదో చూసి చెప్పమన్నాడు. అంకెలు కనబడకనో, చదవడం రాకనో అడగలేకపోయాను. ఆ పుస్తకం నా బల్ల మీదనే ఉన్నది. వచ్చే ఆదివారం వెళ్ళి తిరిగి ఇచ్చి రావాలి.